ఎండీ అనస్థీషియా అయ్యాక నేవీలోకి వెళ్లొచ్చా? వైజాగ్ వాళ్లు, ఫౌజు డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి

కంచరపాలెం_పీజీ
అందరికీ నమస్తే. నేను ఇక్కడే వైజాగ్‌లో అనస్థీషియా ఎండీ ఫైనలియర్. థియేటర్ కంటే ఐసీయూ పనే నాకు ఎక్కువ ఇష్టం. పరీక్షలయ్యాక ఏం చెయ్యాలన్నదాని మీద ఇంట్లో రోజూ పంచాయితీ. ఒక కార్పొరేట్ హాస్పిటల్ వాళ్లు ఐసీయూలో జూనియర్ కన్సల్టెంట్‌గా రమ్మంటున్నారు, జీతం బాగానే ఉంది. నాకేమో సాయుధ దళాల వైద్య సేవల్లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కి అప్లై చెయ్యాలని ఉంది, వీలైతే నేవీకి. ఏటా డిసెంబర్ 4న బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూస్తూ పెరిగినవాణ్ణి, అదీ ఒక కారణమే, దాచను. నాన్నగారు "యూనిఫాం మోజు మూణ్ణెల్లు, తర్వాత ఏటి చేస్తావు?" అంటున్నారు.

అసలు అక్కడ మత్తు డాక్టరు రోజూ చేసే పని ఏంటి? క్రిటికల్ కేర్‌లో ఎదగడానికి దారి ఉందా, లేక ఐదేళ్లూ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతూ కూర్చోవాలా?

భీమిలి_బస్సు
డాక్టర్ చదువు గురించి నాకేం తెలీదు గానీ, నేవీ క్యాంటీన్ కార్డు వస్తే మాత్రం నన్ను మర్చిపోకు తమ్ముడూ.

రిటైర్డ్_సర్జన్_కమాండర్
బాబూ, నేనూ అనస్థీషియానే. సర్వీసంతా మూడు తీరాల్లో తిరిగి రిటైరయ్యాక ఇక్కడే స్థిరపడ్డాను. కాస్త ఓపిగ్గా చదువు.

ముందు దారి సంగతి. షార్ట్ సర్వీస్ అంటే మొదట ఐదేళ్లు, పొడిగింపులు కలుపుకుంటే పద్నాలుగేళ్ల దాకా ఉండొచ్చు. మధ్యలో పర్మనెంట్ కమిషన్‌కి ప్రయత్నించుకోవచ్చు, అందరికీ రాదు. సెలెక్ట్ అయితే లక్నోలో బేసిక్ కోర్సు. ఎండీ చేసిన మనిషిని ఎండలో డ్రిల్ చేయిస్తారా అని చాలామంది గింజుకుంటారు, చేయిస్తారు. ఆర్మీలో కెప్టెన్ ర్యాంకుతో మొదలు, నేవీలో దాన్నే సర్జన్ లెఫ్టినెంట్ అంటారు. స్పెషాలిటీలో వేరే మెట్లున్నాయి: గ్రేడెడ్ స్పెషలిస్ట్, తర్వాత క్లాసిఫైడ్ స్పెషలిస్ట్, ఆ పైన సీనియర్ అడ్వైజర్. ఇంకో ముక్క, దరఖాస్తులో నేవీ అని రాసినంత మాత్రాన నేవీయే వస్తుందన్న గ్యారంటీ లేదు. మూడు దళాలకీ కలిపి ఒకటే వైద్య సేవ, ఖాళీలను బట్టి ఇస్తారు.

ఇక పని. నేవీ హాస్పిటళ్లంటే మనకిక్కడ కళ్యాణి, ముంబైలో అశ్విని, కొచ్చిలో సంజీవని, పోర్ట్ బ్లెయిర్‌లో ధన్వంతరి, కార్వార్‌లో పతంజలి, ఇంకా కొన్ని. పొద్దున థియేటర్ లిస్టు, హెర్నియాలు, సిజేరియన్లు, ఆడుతూ విరగ్గొట్టుకున్న మోకాళ్లు. మధ్యాహ్నం ఆపరేషన్ ముందు చెకప్ క్లినిక్. ఐసీయూ కూడా చాలాచోట్ల మన డిపార్ట్‌మెంటుదే, రాత్రి అక్కడి నుంచి ఫోనొస్తే లేచేది నువ్వే. రోగుల్లో సెయిలర్లే కాదు, వాళ్ల భార్యలు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు, రిటైరైనవాళ్లు అందరూ ఉంటారు. ఇంతవరకు బయట పనికీ దీనికీ పెద్ద తేడా లేదు.

తేడా అంతా రోగిని కదిలించేటప్పుడు. కార్పొరేట్‌లో వెంటిలేటర్ మీదున్న మనిషిని సీటీకి తీసుకెళ్లి తెస్తేనే సాహసం అనుకుంటారు. మాకు అదే మనిషిని హెలికాప్టర్‌లోనో, సరుకు విమానంలోనో, ఓడ మీద నుంచో తేవాలి. వెనకాల ఫోన్ చెయ్యడానికి సీనియర్ ఉండడు, గోడలో ఆక్సిజన్ పాయింట్ ఉండదు. శ్వాసగొట్టం చివర కఫ్ అని చిన్న బుడగ ఉంటుంది, కింద దాన్లో నింపిన గాలి ఎత్తుకెళ్లేకొద్దీ ఉబ్బి శ్వాసనాళం గోడని నొక్కేస్తుంది, అందుకే కొందరు గాలికి బదులు సెలైన్ నింపుతారు, కొందరు గేజ్ పెట్టి చూస్తూ గాలి తీస్తుంటారు. ఊపిరితిత్తి పక్కన చిన్న గాలి బుడగ ఉందని నేల మీద వదిలేశావా, పైన అదే ప్రాణం తీస్తుంది, ఎక్కే ముందే ఛాతీలో ట్యూబ్ వేసెయ్యాలి. సక్షన్ నువ్వే చూసుకోవాలి, బ్యాటరీ నువ్వే చూసుకోవాలి, గొంతులోకి చూసి ట్యూబ్ వేసే ల్యారింగోస్కోప్‌కి రెండో బల్బు జేబులో ఉండాలి.

కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ నేను ఒకటే లెక్క అడిగేవాణ్ణి. బి టైప్ సిలిండర్‌లో 1500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 10 లీటర్లు పోతుంటే ఎంతసేపు? 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. మరి అరకు నుంచి ఘాట్ దిగి వైజాగ్ చేరడానికి మూడు గంటలు పడితే? ఎస్. కోట దాటాక రోగి నీలం తిరుగుతాడు. రెండో సిలిండర్ ఎక్కించుకున్నవాడే మా డాక్టరు. ఎంసీక్యూలు గడగడా అప్పజెప్పేవాళ్లు ఈ లెక్క దగ్గర నీళ్లు నమలడం చూశాను.

ఓడ గురించి అడుగుతావని తెలుసు. యుద్ధనౌకలో మామూలుగా ఉండేది జనరల్ డ్యూటీ డాక్టరు. సర్జన్, మత్తు డాక్టరు ఓడెక్కేది పెద్ద విన్యాసాలప్పుడు, విపత్తు సాయానికి వెళ్లేటప్పుడు. మన తీరంలో ఉండే ఐఎన్‌ఎస్ జలాశ్వ లాంటి పెద్ద ఓడలో వైద్య సదుపాయం బాగానే ఉంటుంది, కాకపోతే సముద్రం ఊగుతూనే ఉంటుంది కదా. హెవీ బుపివకేన్ అనే బరువైన మత్తుమందుతో స్పైనల్, అంటే వెన్నులో సూది ఇచ్చి, మందు ఏ ఎత్తుకి ఎక్కుతుందో బల్ల వంపుని బట్టి అంచనా వేస్తాం. ఆ బల్లే ఊగుతుంటే? ఆలోచించుకో.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
కమాండర్ గారి మీద గౌరవంతోనే ఒక మాట. ఇదంతా వినడానికి భలే ఉంటుంది. నేను సిటీలో ప్రైవేట్ ఐసీయూలో పనిచేస్తున్నా. వానాకాలం మొదలైతే ఏజెన్సీ నుంచి మలేరియాలు, స్క్రబ్ టైఫస్‌లు, డెంగీలు, శ్రీకాకుళం నుంచి కిడ్నీ పేషెంట్లు, పురుగుమందు తాగినవాళ్లు, జాతీయ రహదారి మీద యాక్సిడెంట్లు. రాత్రికి రాత్రి డయాలసిస్ మిషన్లు రెండు తిరుగుతుంటాయి. ఫౌజు హాస్పిటల్లో సగం మంది పాతికేళ్ల ఆరోగ్యవంతులు. పీస్ స్టేషన్‌లో, అంటే గొడవల్లేని చోట రెండేళ్లుంటే సెప్టిక్ షాక్, అదే ఇన్ఫెక్షన్‌తో బీపీ పడిపోయే కేసులు, ఎన్ని చూస్తాడు ఈ కుర్రాడు? చెయ్యి తుప్పు పడుతుంది సార్. యుద్ధం లేనప్పుడు మిలిటరీ డాక్టర్ల చెయ్యి మొద్దుబారుతోందన్న చర్చ ఒక్క మన దేశంలోదే కాదు, ప్రపంచమంతా ఉంది.

తమ్ముడూ, ముందు సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్ నీట్ ఎస్‌ఎస్ రాసి, ఎండీ పైన చేసే డీఎం గానీ డీఆర్‌ఎన్‌బీ గానీ క్రిటికల్ కేర్‌లో చెయ్యి, మూడేళ్లు. యూనిఫాం తర్వాత చూసుకోవచ్చు.

రిటైర్డ్_సర్జన్_కమాండర్
> చెయ్యి తుప్పు పడుతుంది సార్

సగం ఒప్పుకుంటాను. చిన్న స్టేషన్‌లో పడితే అంతే. అందుకే పోస్టింగ్ ముఖ్యం. అశ్వినిలోనో, ఢిల్లీ ఆర్మీ హాస్పిటల్ రీసెర్చ్ అండ్ రెఫరల్‌లోనో పడితే నీకు ఊపిరాడదు, గుండె ఆపరేషన్లు, అవయవ మార్పిడులు, అన్నీ అక్కడికే వస్తాయి. చిన్నచోట పడ్డవాడు నోరు తెరిచి అడగాలి, అటాచ్‌మెంట్ మీద పెద్ద హాస్పిటల్‌కి పంపమని. అడగనివాడికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

సగం ఎందుకు ఒప్పుకోనో కూడా విను. మీ ఐసీయూలో మిషన్ ఆగిపోతే బయోమెడికల్ కుర్రాడు పరిగెత్తుకొస్తాడు. మా కుర్రాడికి మిషన్ లేకుండా చెయ్యడమూ రావాలి. కెటామిన్ అనే మత్తుమందు ఒక్కటి చేతిలో ఉంటే ఊపిరి ఆగకుండా, బీపీ పడిపోకుండా కాలు తీసేసే ఆపరేషన్ దాకా నడిపించొచ్చు. 1960లలో కనిపెట్టి, 1970లో అమెరికాలో అనుమతి వచ్చాక వియత్నాం యుద్ధంలో వాడిన మందు ఇది, ఇప్పటికీ ఫౌజు కిట్‌లో దాని చోటు దానిదే. మీ దగ్గర పెరిగిన పిల్లలు కెటామిన్ అంటే పాత మందు అని మొహం తిప్పుకుంటారు.

సత్యం_జంక్షన్
ఒక పామరుడి సందేహం. మా తాతయ్య ఆపరేషన్‌కి మత్తు డాక్టరు వచ్చి సూది వేసి వెళ్లిపోయాడనే మేమంతా అనుకున్నాం. ఐసీయూకీ ఆయనకీ ఏంటి సంబంధం? తిట్టకండి.

బ్లాక్_రూమ్
తిట్టం, కానీ సూది వేసి వెళ్లిపోలేదు అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి :) తెర అవతల తల దగ్గర కూర్చున్నాడు, మీకు కనబడలేదంతే. విమానం పైలట్ టేకాఫ్ చేసి దూకేస్తాడా?

ఐసీయూ పుట్టిందే మత్తు డాక్టరు చేతుల్లో. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి కండరాలు పడిపోయి జనం చచ్చిపోతున్నారు, ఊపిరాడించే ఐరన్ లంగ్ మిషన్లు చాల్లేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే అనస్థీషియా డాక్టర్‌ని పిలిచారు. థియేటర్‌లో నేను రోజూ చేసేదే ఇక్కడా చేస్తాను అని ఆయన ఒక పన్నెండేళ్ల అమ్మాయి గొంతుకి రంధ్రం చేయించి, ట్యూబ్ పెట్టి, చేత్తో బ్యాగ్ నొక్కుతూ ఊపిరి అందించాడు. పిల్ల బతికింది. తర్వాత వందలమంది మెడికల్ స్టూడెంట్లు షిఫ్టులు వేసుకుని రాత్రింబవళ్లు బ్యాగులు నొక్కారు. అలాంటి రోగులందరినీ ఒకచోట పెట్టి చూడ్డం అప్పుడే మొదలైంది. అందుకే ఊపిరి, గుండె, బీపీ నిమిషనిమిషం చూసే పని ఎక్కడుంటే అక్కడ మేముంటాం.

లేహ్_రిటర్న్
ఆర్మీ తరఫున నా రెండు ముక్కలు. మాది విజయనగరం, నేను షార్ట్ సర్వీస్ చేసి బయటికొచ్చా. నేవీ అడిగితే ఆర్మీ ఇచ్చారు, సముద్రం అడిగితే మంచు చూపించారు.

లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తు. అక్కడ ఆరోగ్యంగా ఉన్న జవాన్‌కే ఆక్సిజన్ రీడింగ్ 90 దగ్గర ఉంటుంది, వైజాగ్‌లో ఆ నంబర్ చూస్తే మనం పరిగెడతాం. కొత్తగా దిగినవాడు అలవాటు పడకుండా పైకెళితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, దగ్గితే గులాబీ రంగు నురగ. వైద్యం ఏంటంటే ఆక్సిజన్ పెట్టి వీలైనంత త్వరగా కిందికి దించడమే. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాకపోతే గాలి కొట్టే పెద్ద సంచిలో మనిషిని పడుకోబెట్టి జిప్ వేసి పంపు కొడుతూ కూర్చోవాలి, లోపల ఒత్తిడి పెరిగి తక్కువ ఎత్తులో ఉన్నట్టు అవుతుంది. పంపు కొట్టేవాళ్లు వంతులు మారుతుంటారు, చేతులు పడిపోతాయి.

పీజీ పిల్లల కోసం ఒక చిక్కుముడి. గాలి ఒత్తిడి అక్కడ సముద్రమట్టంలో మూడింట రెండొంతులే. సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ రెండూ పీల్పించే మత్తుమందులే. సెవోఫ్లూరేన్ డయల్ ఇక్కడ పెట్టినంతే అక్కడ పెట్టినా పని జరుగుతుంది, డెస్‌ఫ్లూరేన్‌కి మాత్రం పెంచాలి. ఎందుకో చెప్పండి చూద్దాం.

కంచరపాలెం_పీజీ
డెస్‌ఫ్లూరేన్ వేపరైజర్, అంటే మందుని ఆవిరి చేసే డబ్బా, వేడిచేసి ఇంత శాతం అని కొలిచి పంపుతుంది, శాతం అదే ఉన్నా మొత్తం ఒత్తిడి తగ్గింది కాబట్టి దాని పార్షియల్ ప్రెషర్, అంటే మొత్తం ఒత్తిడిలో ఆ మందు వాటా, తగ్గిపోతుంది. సెవోలో శాతం దానంతటదే పెరిగి పార్షియల్ ప్రెషర్ దాదాపు అలాగే నిలుస్తుంది. మెదడుకి కావాల్సింది పార్షియల్ ప్రెషరే. కరెక్టేనా అన్నా?

లేహ్_రిటర్న్
కరెక్ట్. ఇంటర్వ్యూలో ఇలాగే చెప్పు, నత్తి రాకుండా.

ఎంఎన్‌ఎస్_అక్క
నేను మిలిటరీ నర్సింగ్ సర్వీస్. మాకూ కమిషన్ ఉంటుంది, మేమూ ఆఫీసర్లమే, ఈ సంగతి కొత్తగా వచ్చే డాక్టర్లు తొందరగా తెలుసుకుంటే అందరికీ సుఖం. ఐసీయూలో పన్నెండు గంటలు పేషెంట్ పక్కన నిలబడేది మేము. మత్తు డాక్టర్లలో మాకు నచ్చే రకం ఎవరంటే, ట్యూబ్ వేసే ముందు "సిస్టర్, ఇది కాకపోతే తర్వాత ఇలా చేద్దాం" అని పైకి చెప్పి మొదలుపెట్టేవాళ్లు. మౌనంగా మొదలుపెట్టి మధ్యలో అరిచేవాళ్లు ఏ దళంలోనైనా ఒకటే.

2021 మే గుర్తుందా? దేశమంతా ఆక్సిజన్ కోసం గగ్గోలు. మన స్టీల్ ప్లాంట్ నుంచి ఏప్రిల్‌లోనే మహారాష్ట్రకి మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ వెళ్లింది. మేలో ఐఎన్‌ఎస్ ఐరావత్ సింగపూర్ నుంచి క్రయోజెనిక్ ట్యాంకులు, వేల సిలిండర్లు వేసుకుని ఇక్కడికే వచ్చింది. సిలిండర్ లెక్క గురించి కమాండర్ సర్ పైన రాశారు చూడండి, ఆ నెలలో ఆ లెక్క వార్డ్‌బాయ్ దగ్గర్నుంచి కమాండింగ్ ఆఫీసర్ దాకా అందరి నోటా ఉండేది. వెంటిలేటర్ వల్లే బతుకుతారనుకున్న రోజుల్లో పేషెంట్‌ని బోర్లా పడుకోబెట్టడం ఎంత పని చేసిందో నా కళ్లతో చూశా. ఒక్కో మనిషిని తిప్పడానికి ఐదుగురం, తల దగ్గర ట్యూబ్ పట్టుకుని మత్తు డాక్టరు, ఆయన మూడు అంకెలు లెక్కపెడితేనే తిప్పేవాళ్లం.

అట్లాంటా_తెలుగోడు
అమెరికాలో ఎలా ఉంటుందో కూడా చెప్తా, మా హాస్పిటల్లో ఎయిర్ ఫోర్స్ నుంచి వచ్చిన ఇంటెన్సివిస్ట్, అంటే ఐసీయూ డాక్టరు, ఒకరున్నారు. వాళ్లకి క్రిటికల్ కేర్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ టీమ్‌లని ఉంటాయి, ఒక డాక్టరు, ఒక ఐసీయూ నర్సు, ఒక రెస్పిరేటరీ థెరపిస్టు, అంతే ముగ్గురు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో గాయపడ్డవాళ్లని జర్మనీలోని లాండ్‌స్టూల్‌కి, అక్కడి నుంచి అమెరికాకి ఎగురుతూనే ఐసీయూ నడిపిస్తూ తెచ్చారు. పొట్ట పూర్తిగా కుట్టకుండానే, రక్తం ఆపి ప్యాకింగ్ పెట్టి, విమానం ఎక్కించేవాళ్లట. అక్కడ నేర్చుకున్నవి ఇవాళ మన ఊళ్లో యాక్సిడెంట్ కేసుకీ వాడుతున్నారు. రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించి కట్టే టూర్నికెట్ మళ్లీ వాడుకలోకి రావడం, సెలైన్ కుమ్మరించకుండా తొందరగా రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమపాళ్లలో ఇవ్వడం, మొదటి మూడు గంటల్లో రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్. చివరిదాని మీద 2010లో వచ్చిన క్రాష్-2 ట్రయల్‌లో మన దేశం పేషెంట్లు కూడా ఉన్నారు.

ఇక్కడ కమిషన్ కావాలంటే సిటిజన్ అయ్యుండాలి, కాబట్టి తమ్ముడికి ఈ దారి లేదు, ఊరికే చెప్పా.

లేహ్_రిటర్న్
అమెరికా దాకా ఎందుకు, మనవాళ్లదే చెప్పుకోవచ్చు. 1950లో కొరియా యుద్ధానికి మన దేశం పంపింది సైన్యాన్ని కాదు, 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో. అదే ఇప్పుడు ఆగ్రాలో 60 పారా ఫీల్డ్ హాస్పిటల్. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి 99 మందితో వెళ్లి ఇస్కెండరున్‌లో హాస్పిటల్ తెరిచారు. అలాంటి టీమ్‌లో మత్తు డాక్టరు లేకుండా సర్జన్ ఉన్నా ఏం చెయ్యలేడు.

నేవీ_ఇల్లాలు
అందరూ మందులూ విమానాలూ చెప్తున్నారు, ఇల్లు ఎవరూ చెప్పలేదు. మా ఆయన డాక్టరు కాదు, నేవీ ఆఫీసరే. రెండు మూడేళ్లకోసారి సామాన్లు సర్దడమే నా కెరీర్. పిల్లలకి కేంద్రీయ విద్యాలయ, నేవీ చిల్డ్రన్ స్కూల్ లాంటివి ఉన్నాయి కాబట్టి చదువు పెద్ద ఇబ్బంది కాదు, కానీ స్నేహితులు తెగిపోయిన ప్రతిసారీ పిల్ల వారం రోజులు అన్నం సరిగా తినదు. పెళ్లి చేసుకునే అమ్మాయి కూడా డాక్టరే అయితే ఇంకా కష్టం బాబూ, ఆమె ఎక్కడ ప్రాక్టీస్ పెట్టుకుంటుంది? ఇది ముందే మాట్లాడుకో. మంచి కూడా చెప్పాలి, ఏ ఊరికెళ్లినా దిగిన రోజు సాయంత్రానికి పక్క క్వార్టర్ నుంచి టిఫిన్ వస్తుంది. ఆయన ఓడ మీద ఉన్నప్పుడు నాకు రాత్రిపూట కడుపునొప్పి వస్తే కాలనీ మొత్తం లేచింది. అపార్ట్‌మెంట్‌లో ఎదురింటివాళ్ల పేరే తెలీదు కదా ఇప్పుడు.

డాబాగార్డెన్స్_ఆడిటర్
నేను డబ్బు లెక్క చెప్తా, ఎవరో ఒకరు చెప్పాలిగా. ఏడో వేతన సంఘం ప్రకారం కెప్టెన్ మూలవేతనం మొదలు 61,300. దాని మీద నెలకి 15,500 మిలిటరీ సర్వీస్ పే, డాక్టర్లకి మూలవేతనంలో 20 శాతం ప్రైవేట్ ప్రాక్టీస్ చెయ్యనందుకు అలవెన్స్, కరువుభత్యం, ఇతరత్రా. క్వార్టర్, వైద్యం సరేసరి. కార్పొరేట్‌లో మొదట్లో ఎక్కువే వస్తుంది, కాదనను, కానీ టార్గెట్ల గోల ఉండదు ఇక్కడ. ముఖ్యమైంది పెన్షన్. షార్ట్ సర్వీస్‌లో అది రాదు, గ్రాట్యుటీ ఇచ్చి పంపిస్తారు. పెన్షన్ కోసం అయితే పర్మనెంట్ కమిషన్, ఇరవై ఏళ్లు. ఇంట్లో లోన్లు ఉంటే మీ నాన్నగారితో కూర్చుని కాగితం మీద వేసుకోండి.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
ఆడిటర్ గారూ, టార్గెట్ల గోల అన్నది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. ఐసీయూ బెడ్ ఖాళీగా ఉంటే మాకు ఫోన్లొస్తాయి. అయినా నా మాట మీదే ఉన్నా, ముందు సూపర్ స్పెషాలిటీ. షార్ట్ సర్వీస్‌లో ఉండగా క్రిటికల్ కేర్ కోర్సుకి పంపుతారన్న హామీ ఎవరూ ఇవ్వరు, కమాండర్ గారే చెప్పమనండి.

రిటైర్డ్_సర్జన్_కమాండర్
హామీ లేదు. పంపినా పర్మనెంట్ కమిషన్ వాళ్లకే ముందు అవకాశం ఎక్కువ. ఇంకో చేదు మాట కూడా చెప్పేస్తాను, ర్యాంకు పెరిగేకొద్దీ రోగి దూరమవుతాడు. ఫైళ్లు, కొనుగోళ్లు, ఆడిట్లు. నాకు అది నచ్చలేదు కాబట్టే పైకి ఇంకా వెళ్లే ప్రయత్నం చెయ్యలేదు. కొందరికి నచ్చుతుంది, ఆ దారిలో బాగా వెళ్తారు. సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తి సరీన్ 2024లో సాయుధ దళాల వైద్య సేవలకి డైరెక్టర్ జనరల్ అయ్యారు, ఆ కుర్చీలో మొదటి మహిళ, ఆవిడా నేవీ డాక్టరే.

నా సలహా అడిగితే, వెంటిలేటర్ బ్రాండ్ మారితే చేతులు వణికే రకం అయితే రావద్దు. ఏది దొరికితే దాంతో పని జరిపించే బుద్ధి ఉండి, ఎవరినీ అడక్కుండా రాత్రి రెండింటికి నిర్ణయం తీసుకోగలిగితే ఐదేళ్లు రా. ఆ తర్వాత డీఎం చేసినా నీకు వయసు మించిపోదు. ముందు డీఎం చేసి వస్తే నేవీకి ఇంకా మంచిది, కానీ అప్పటికి నువ్వు రావు, నాకు తెలుసు.

కంచరపాలెం_పీజీ
అందరికీ థాంక్స్. ఇంట్లో ఫోన్ పెట్టి మొత్తం చదివి వినిపించా. నాన్నగారు అరకు సిలిండర్ లెక్క దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు, ఆయన లారీ నడిపినవారు, ఘాట్ రోడ్డుకి మూడు గంటలు చాలవు నాలుగు వేసుకో అన్నారు. అప్లై చేస్తానంటే వద్దనలేదు. నీట్ ఎస్‌ఎస్‌కి కూడా చదువుతా, ఏది ముందొస్తే చూద్దాం. ఒక్కటే డౌట్, కళ్లజోడు ఉంది, బరువు కూడా కొంచెం ఎక్కువే. మెడికల్‌లో పోతానా?

లేహ్_రిటర్న్
కళ్లజోడు ఉన్నంత మాత్రాన పంపెయ్యరు, నంబర్‌కి పరిమితులున్నాయి, నోటిఫికేషన్‌లో చూసుకో. బరువు నీ చేతిలో పని, ఇవాళ్టి నుంచే కైలాసగిరి మెట్లెక్కు. మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నా అప్పీల్ బోర్డు ఉంటుంది. అంతకంటే ముందు కాగితాల పని: పీజీ పాసవ్వగానే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఎండీ ఎక్కించుకో. పీజీ బాండ్, అంటే చదువయ్యాక ప్రభుత్వానికి పనిచేస్తానన్న ఒప్పందం, ఉంటే ఆ సంగతి ఇప్పుడే తేల్చుకో, చివర్లో ఎన్‌వోసీ కోసం తిరుగుతూ ఇంటర్వ్యూ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

భీమిలి_బస్సు
క్యాంటీన్ కార్డు సంగతి ఎవరూ చెప్పలేదు.